చెయ్యి విదిలిస్తే తెలిసేదెంత?

ఓల్డ్ రాజిందర్ నగర్‌లో తిమ్మిరెక్కే చేతులకు కొదవ లేదు. వాటిలో నరం నలిగినవి ఎన్నో తేల్చడం మాత్రం ఎన్నికల ఫలితాన్ని ముందే చెప్పినంత కష్టం.

రాత్రి పదకొండు దాటింది. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లోని బడా బజార్ రోడ్డులో జిరాక్స్ షాపులు ఇంకా మూతపడలేదు. ఓ మేడ మూడో అంతస్తులో, మంచం, టేబుల్ వేశాక మనిషి నిలబడడానికే చోటు మిగిలే గదిలో, కనిగిరి ప్రాంతం నుంచి వచ్చిన పాతికేళ్ల కుర్రాడు కుడి చేతిని థర్మామీటర్‌లా విదిలిస్తున్నాడు. "అర్ధరాత్రి మెలకువొస్తోందన్నా. చెయ్యి నాది కానట్టుంటుంది. ఇట్టా నాలుగు సార్లు దులిపితే మళ్లీ దారికొస్తది" అన్నాడు. సివిల్స్‌లో అతనికిది మూడో ప్రయత్నం. ప్రిలిమ్స్ గట్టెక్కాడు. మెయిన్స్‌కు మిగిలింది రెండున్నర నెలలే.

టేబుల్ మీద పుస్తకాల మధ్య ఒక రిపోర్టు ఉంది. నరాల్లో కరెంటు ఎంత వేగంగా ప్రయాణిస్తోందో చూసే ఎన్‌సీవీ పరీక్ష ఫలితం అది. 'మణికట్టు వద్ద మీడియన్ నరానికి తేలికపాటి ఒత్తిడి' అని రాసుంది. దాన్ని చూసి ఒక క్లినిక్‌లో చిన్న ఆపరేషన్ చేయించుకోమన్నారు. మరో చోట "ఇది టెన్షన్, ఏమీ లేదు పో" అన్నారు. ఆపరేషన్ చేయించుకుంటే పెన్ను పట్టే చెయ్యి కొన్ని వారాలు పనికి రాకపోవచ్చు. చేయించుకోకపోతే పరీక్ష హాల్లో మొరాయిస్తే దిక్కెవరు? "ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలన్నా?" అన్నది అతని ప్రశ్న. పొలిటికల్ సైన్స్ చదువుకున్న వాడికి వైద్యం గురించి సలహా చెప్పే అర్హత లేదు. అయితే ఆ రిపోర్టు వెనకున్న పరిశోధనలు తిరగేస్తుంటే, వాటిలో ఎదురైన చిక్కు నాకు బాగా తెలిసినదేనని అర్థమైంది. అది ఎగ్జిట్ పోల్స్ చిక్కు.

ముందు ఈ పేట సంగతి. దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబ్ నుంచి వచ్చిన శరణార్థుల కోసం వెలిసిన కాలనీ ఇది. తొలి రాష్ట్రపతి పేరు పెట్టారు. దగ్గర్లోని సర్ గంగారామ్ ఆస్పత్రి కూడా 1921లో లాహోర్‌లో పుట్టి, విభజన తర్వాత ఇక్కడికి చేరిందే. ఇప్పుడు వీధి వీధికీ సివిల్స్ కోచింగ్ సెంటర్లు, గంటల లెక్కన సీటు అద్దెకిచ్చే లైబ్రరీలు. 2024 జూలై 27న ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాన నీరు ఉరికి ముగ్గురు విద్యార్థులు చనిపోయినప్పుడు ఈ పేట పేరు దేశమంతా వినపడింది. ఆ తర్వాత మళ్లీ ఎవరి చదువు వారిది.

ఆ చదువంతా చివరికి చేతి మీదే ఆధారపడుతుంది. మెయిన్స్‌లో తొమ్మిది పేపర్లు. ఒక్కోటి మూడు గంటలు. అంటే మొత్తం 27 గంటల రాత. జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానిలో 20 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్న చదివి, ఆలోచించి, రాయడానికి సగటున దక్కేది తొమ్మిది నిమిషాలు. దానికోసం రోజూ గంటల తరబడి రాత ప్రాక్టీసు. కాబట్టి ఈ వీధుల్లో ఏ చాయ్ బండి దగ్గర అడిగినా వేళ్ల తిమ్మిరి, మణికట్టు నొప్పి, మెడ పట్టేయడం గురించి చెప్పేవాళ్లు దొరుకుతారు. ఇంటర్నెట్ పుణ్యమా అని అందరి నోటా ఒకటే పేరు: కార్పల్ టనల్.

మణికట్టు లోపలి వైపు ఎముకల మీదుగా గట్టి పట్టీ ఒకటి అడ్డంగా ఉంటుంది. రెంటి మధ్యనున్న ఇరుకు సందులోంచి వేళ్లను ముడిచే తొమ్మిది కండర బంధనాలు, వాటితో పాటు మీడియన్ నరం వెళతాయి. అక్కడ ఒత్తిడి పెరిగితే నలిగేది నరమే. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలికి సంబంధం ఉండదు. దాన్ని చూసుకునేది మోచేతి వెనకగా వచ్చే వేరే నరం. ఈ చిన్న వివరం గుర్తుంచుకోండి. చివర్లో దీనితో పని పడుతుంది.

ఇక మన కుర్రాడు చెయ్యి విదిలించడం సంగతి. దానికి వైద్యశాస్త్రంలో పేరే ఉంది, ఫ్లిక్ సైన్. రాత్రి తిమ్మిరితో లేచినప్పుడు ఏం చేస్తారని అడిగితే రోగి చెయ్యి దులిపి చూపిస్తాడు. 1984లో ప్రైజ్ ఫిలిప్స్ అనే న్యూరాలజిస్టు ఈ గుర్తును పరీక్షించి చూశారు. కార్పల్ టనల్ ఉన్నవారిలో 93 శాతం మంది దులిపి చూపించారనీ, లేనివారిలో అలా చూపించింది 5 శాతం లోపేననీ ఆయన ప్రచురించారు. పైసా ఖర్చు లేకుండా ఒక్క ప్రశ్నతో రోగం తేలిపోతుందంటే అంతకన్నా ఏం కావాలి? సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2004లో, అమెరికాలో మరో బృందం అదే గుర్తును మళ్లీ పరీక్షించింది. ఈసారి ఎన్‌సీవీలో జబ్బు తేలిన వాళ్లలో దులిపింది 37 శాతమే. లేనివాళ్లలో 26 శాతం మంది కూడా దులిపారు.

ఈ తేడా ఎంతదో లెక్క వేస్తే గానీ తెలియదు. మాటవరసకు ఈ పేటలో తిమ్మిరి ఉందనే వంద మందిని తీసుకుందాం. వారిలో పది మందికే నిజంగా కార్పల్ టనల్ ఉందనుకుందాం. 1984 నాటి అంకెల ప్రకారం ఆ పదిలో తొమ్మిది మంది చెయ్యి దులుపుతారు. జబ్బు లేని తొంభై మందిలో నలుగురైదుగురు దులుపుతారు. అంటే దులిపిన పద్నాలుగు మందిలో తొమ్మిది మందికి జబ్బు ఉన్నట్టే. 2004 అంకెలతో అదే లెక్క చేయండి. జబ్బున్న పది మందిలో దులిపేది నలుగురు. లేని తొంభైలో దులిపేది ఇరవై ముగ్గురు. దులిపిన 27 మందిలో నిజం నాలుగే. ప్రశ్న అదే, చెయ్యీ అదే. ఒక పరిశోధనను నమ్మితే కుర్రాడు ఆపరేషన్ బల్ల ఎక్కాలి, మరోదాన్ని నమ్మితే ఇంకెవరినైనా అడగాలి.

ఎన్నికల సర్వేలు చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక 20 లక్షలకు పైగా ఓటర్ల జవాబులు సేకరించి రూజ్‌వెల్ట్ ఓడిపోతారని తేల్చింది. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. సేకరించిన జవాబులకు కొరత లేదు. కాకపోతే అడిగింది టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్లనే ఎక్కువగా, అందులోనూ తీరిగ్గా జవాబు పంపినవాళ్లవే లెక్కలోకి వచ్చాయి. మన దగ్గర 2004 లోక్‌సభ ఎన్నికల్లో చాలా సర్వేలు వాజ్‌పేయి కూటమిదే గెలుపన్నాయి. తర్వాత ఏమైందో తెలిసిందే. ఎంతమందిని అడిగామన్నదాని కన్నా ఎవరిని అడిగామన్నది ముఖ్యం.

వైద్య పరీక్షల్లోనూ ఇదే జరుగుతుంది. ఒకవైపు ముదిరిన రోగులను, మరోవైపు ఏ బాధా లేనివారిని కూర్చోబెడితే ఏ పరీక్షైనా అద్భుతంగా పని చేస్తుంది. రాన్సాఫ్, ఫైన్‌స్టైన్ అనే ఇద్దరు 1978లోనే ఈ ప్రమాదం గురించి రాశారు. 1999లో డచ్ పరిశోధకులు వందలాది వైద్య పరీక్షల అధ్యయనాలను పోల్చి చూసి, ఇలా రెండు కొసల నుంచి మనుషుల్ని ఎంచుకున్న చోట పరీక్ష సత్తా మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తోందని తేల్చారు. పరీక్షల మీద పరిశోధన చేసేవారు రోగులను ఎలా ఎంచుకున్నదీ దాచకుండా చెప్పాలంటూ 2003లో స్టార్డ్ అనే నియమావళి వచ్చింది. డాక్టర్ దగ్గరికి వచ్చేది ఆ రెండు కొసల వాళ్లు కాదు కదా. మధ్యలో ఉండే మన కుర్రాడిలాంటి వాళ్లు.

డాక్టర్లు మణికట్టు మీద చేసే మిగతా పరీక్షల కథా అంతే. మణికట్టు కిందికి వంచి నిమిషం పాటు ఉంచితే తిమ్మిరి వస్తుందా అని చూసేది ఫాలెన్ పరీక్ష. క్లీవ్‌లాండ్‌కు చెందిన సర్జన్ జార్జ్ ఫాలెన్ పేరు మీద వచ్చింది. నరం మీద వేలితో తడితే జివ్వుమంటుందా అని చూసేది టినెల్ గుర్తు. దీని పుట్టుకే వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల తెగిన నరాలు మళ్లీ ఎంతవరకు పెరిగాయో తెలుసుకోవడానికి 1915లో ఫ్రాన్స్‌లో జూల్స్ టినెల్, అదే ఏడాది శత్రుదేశం జర్మనీలో పాల్ హాఫ్‌మన్ ఎవరికి వారు కనిపెట్టారు. నలిగిన నరానికి దాన్ని వాడడం తర్వాత వచ్చిన అలవాటు. 2000లో ఇద్దరు అమెరికన్ వైద్యులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి ఈ రెండు పరీక్షల వల్ల ఒరిగేది స్వల్పమని రాశారు. కాస్త నిలబడినవి మూడే: చూపుడు వేలి మీద సూది పోటు మందంగా తెలియడం, బొటనవేలిని పైకెత్తే బలం తగ్గడం, చేతి బొమ్మ మీద తిమ్మిరి ఎక్కడుందో రోగి స్వయంగా రంగు వేసి చూపించడం. మూడింటికీ యంత్రం అక్కర్లేదు.

మరి యంత్రం మాటేమిటి? ఇన్ని అనుమానాలెందుకు, ఎన్‌సీవీ చేస్తే తేలిపోదా అనుకుంటాం. 1999లో స్వీడన్ నుంచి వెలువడిన అధ్యయనం ఆ ఆశ మీదా నీళ్లు చల్లింది. ఆస్పత్రికి వచ్చినవారిని కాకుండా మామూలు జనాన్ని పరీక్షించడం దాని ప్రత్యేకత. చేతిలో నొప్పో తిమ్మిరో ఉందన్నవారు 14 శాతం పైనే. డాక్టర్ పరీక్ష, యంత్రం రెండూ ఔనన్న కార్పల్ టనల్ రోగులు 2.7 శాతమే. ఇంకో విశేషం, ఏ బాధా లేని 125 మందికి కూడా యంత్రం పెట్టి చూశారు. వారిలో 23 మందికి, అంటే 18 శాతానికి, మీడియన్ నరంలో తేడా కనిపించింది. హాయిగా నిద్రపోయే ప్రతి ఐదారుగురిలో ఒకరి రిపోర్టు మన కుర్రాడి రిపోర్టులా ఉండొచ్చన్న మాట. యంత్రం అబద్ధం చెప్పడం లేదు. నరం కాస్త నెమ్మదించిందని చెబుతోంది. రాత్రి నిద్ర చెడగొడుతున్నది అదేనా అన్నది దానికి తెలిసే వీల్లేదు.

అందుకే అనుభవమున్న వైద్యులు యంత్రం కన్నా ముందు మనిషిని అడుగుతారు. ఏ ఊరు, ఏం పని, ఏం తింటారు, ఇంట్లో షుగర్ ఉందా అని. తెలుగువాళ్లకు దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. 1937లో షార్ట్ తదితర వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో పళ్లపై మరకల నుంచి వెన్ను బిగుసుకుపోవడం దాకా రకరకాల బాధలను గమనించి, కారణం బావి నీటిలోని ఫ్లోరైడ్ అని రాశారు. దేశంలో ఫ్లోరోసిస్‌ను వెలుగులోకి తెచ్చిన తొలి అధ్యయనాల్లో అదొకటి. జబ్బు ముదిరితే వెన్నెముకలో ఎముక పెరిగి వెన్నుపామునూ నరాలనూ నొక్కేస్తుంది. కాళ్లు పడిపోతాయి. నల్లగొండ జిల్లా దశాబ్దాల పాటు ఈ గోస పడింది. అక్కడి నుంచి వచ్చిన మనిషి నడుం బిగుసుకుపోయిందంటే మొదట అడగాల్సింది ఏ బావి నీళ్లు తాగి పెరిగావని. ఆ ప్రశ్న ఢిల్లీలోనో లండన్‌లోనో డాక్టర్‌కు తట్టకపోవచ్చు.

ఈ దేశంలో చేతి తిమ్మిరికి మరో అనుమానం కూడా తప్పదు. కుష్ఠు. 2005 చివరికి జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒక కేసు కన్నా తగ్గిందని ప్రభుత్వం ప్రకటించింది. అంటే ప్రజారోగ్య సమస్యగా తొలగిందని అర్థం, జబ్బే లేకుండా పోయిందని కాదు. కొత్త కేసులు ఏటా వస్తూనే ఉన్నాయి. ఈ జబ్బు తరచుగా దెబ్బ తీసేది మోచేతి దగ్గరి నరాన్ని. అక్కడ వేలితో తడిమితే నరం లావుగా తగులుతుంది. ఒంటి మీద స్పర్శ లేని మచ్చ కోసం వెతకడానికి రెండు నిమిషాలు చాలు. మందులు ఉచితం, జబ్బు నయమవుతుంది. ఎవరూ చూడకపోతే మాత్రం వేళ్లు శాశ్వతంగా వంకరపోతాయి. పాశ్చాత్య దేశాల అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటే జారిపోయేవి ఇలాంటివే. షుగర్, థైరాయిడ్, బీ12 లోపం కూడా రక్తపరీక్షతో తేలేవే.

యంత్రానికి అసలే అందని జబ్బు ఇంకొకటి ఉంది. దానితో ఓ అభ్యర్థి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. పేరు రైటర్స్ క్రాంప్. పెన్ను పట్టుకుని రాయబోతే వేళ్లు బిగుసుకుపోతాయి. అన్నం కలుపుకోవడానికి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అదే చెయ్యి చక్కగా పని చేస్తుంది. ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1713లోనే రాయసగాళ్ల చేతుల గురించి రాశారు. చాలా కాలం దీన్ని మనసుకు సంబంధించిన జబ్బుగా కొట్టిపారేశారు. 1982లో షీహీ, మార్స్‌డెన్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్టులు ఇది కండరాలను నడిపే మెదడు వ్యవస్థలో తేడా అని వాదించాక వైద్యుల ధోరణి మారింది. ఇందులో నరం ఎక్కడా నలగదు కాబట్టి ఎన్‌సీవీ మామూలుగానే ఉంటుంది. కనిపెట్టే మార్గం ఒకటే. కాగితం, పెన్ను ఇచ్చి రాయమని చూడడం.

ఎంబీబీఎస్ చదివిన ఆ యువకుడు 2018 సివిల్స్‌కు ఈ జబ్బుతో రాయసగాణ్ని కోరితే యూపీఎస్‌సీ ఒప్పుకోలేదు. కేసు నడుస్తుండగా ఎయిమ్స్ వైద్యులు పరీక్షించి జబ్బు ఉందని నిర్ధారించారు. కానీ వైకల్యం చట్టం చెప్పే 40 శాతానికి చాలా తక్కువ. 2021 ఫిబ్రవరి 11న జస్టిస్ చంద్రచూడ్ నాయకత్వంలోని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆ 40 శాతం రిజర్వేషన్లకు కొలబద్ద కావచ్చు గానీ పరీక్ష రాయలేనివాడికి సాయం నిరాకరించడానికి సాకు కారాదని తీర్పిచ్చింది. దాని ప్రకారం కేంద్రం 2022 ఆగస్టు 10న మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా బ్యాంకు పరీక్షల విషయంలో ఇదే జబ్బున్న మరో అభ్యర్థి కోర్టుకెక్కాడు. ఆ మార్గదర్శకాలను సరిగ్గా అమలు చేయండని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. శాతం కొలిచేది చేతిలో మిగిలిన శక్తిని. ఆ అభ్యర్థి అడిగిందేమో తొమ్మిది నిమిషాల్లో జవాబు రాసే సంగతి. ఏ అంకెను ఏ ప్రశ్నకు జవాబుగా వాడుతున్నామో చూసుకోకపోతే కోర్టులో జరిగే పొరపాటూ క్లినిక్‌లో జరిగే పొరపాటూ ఒకటే.

కుర్రాడి కథకు వస్తే, తెలిసినవాళ్ల ద్వారా ఒక పెద్ద వయసు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టు తెరవలేదు. తెల్ల కాగితం మీద చెయ్యి బొమ్మ గీసి, ఎర్ర పెన్ను ఇచ్చి, "తిమ్మిరి ఎక్కడో రంగు వెయ్యి" అన్నారు. కుర్రాడు చిటికెన వేలు పూర్తిగా, ఉంగరం వేలు సగం నింపి పెన్ను కింద పెట్టాడు. నేను నోరెళ్లబెట్టాను. అన్ని వారాలుగా "చెయ్యి తిమ్మిరి" అంటున్నవాణ్ని ఏ వేలని నేనూ అడగలేదు, అంతకుముందు చూసినవాళ్లూ అడగలేదట. డాక్టర్ మోచేతి వెనక తడిమి చూశారు, ఒంటిపై మచ్చల కోసం వెతికారు. నరం లావెక్కలేదు, స్పర్శ లేని మచ్చా లేదు. కాసేపు రాయించి చూశారు. అప్పుడు రిపోర్టు తీశారు. పరీక్షకు పంపిన చీటీలో 'కార్పల్ టనల్?' అని ఉండడంతో మణికట్టు మాత్రమే చూశారు. మోచేతి ఊసే లేదు.

"చదివేటప్పుడు ఎట్లా కూర్చుంటావు?" అని అడిగారు. కుర్రాడు టేబుల్ మీద మోచేయి ఆనించి చెంపకు చెయ్యి పెట్టి చూపించాడు. రాత్రి పడుకునేదీ మోచేయి పూర్తిగా ముడుచుకునే. లైబ్రరీలో రోజుకు పన్నెండు గంటలు గట్టి చెక్క మీద మోచేతి నరం నలుగుతుంటే, రిపోర్టు మణికట్టులోని నరం గురించి మాట్లాడుతోంది. స్వీడన్ వాళ్ల 18 శాతం లెక్కలోకి వచ్చే తేడాయే కావచ్చని ఆయన అభిప్రాయం. టేబుల్ మీద మోచేయి పెట్టొద్దని, రాత్రి మోచేతికి వదులుగా తువాలు చుట్టుకుని పడుకోమని, ఆరు వారాల్లో తగ్గకపోతే ఈసారి మోచేతి దగ్గర ఎన్‌సీవీ చేయిద్దామని చెప్పి పంపారు. పట్టు తగ్గినా, చేతి కండ కరిగినట్టు కనిపించినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా రమ్మన్నారు.

నెల తర్వాత ఫోన్ చేస్తే రాత్రి మెలకువలు తగ్గాయన్నాడు. తువాలు వల్లా, భయం పోవడం వల్లా అన్నది నేను తేల్చలేను. ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదని ఇంతసేపూ నేనే రాశాను. మెయిన్స్ తొమ్మిది పేపర్లూ మాత్రం తన చేత్తోనే రాసి వచ్చాడు. ఫలితం ఏమవుతుందని అడిగితే, "ఎగ్జిట్ పోల్ వద్దులే అన్నా" అని నవ్వేశాడు.